లేజర్ డయోడ్‌ను తుడిచే ముందు

పెళ్లి జ్ఞాపికల మీద, చెక్క కీచైన్ల మీద పేర్లు చెక్కే చిన్న ఎన్‌గ్రేవింగ్ యంత్రాలు ఇప్పుడు కానుకల దుకాణాల్లోనే కాదు, ఇళ్లలోనూ కనిపిస్తున్నాయి. తక్కువ ధరకు దొరికే వాటిలో చాలావరకు పనిచేసేది 450 నానోమీటర్ల దగ్గర నీలికాంతిని వెలువరించే లేజర్ డయోడే. కొన్నాళ్లు నడిచాక గీత పలచబడుతుంది. మొదట్లో ఒక్క విడతలో తెగిన ప్లైవుడ్ ఇప్పుడు మూడు విడతలకీ తెగదు. యజమానికి ముందుగా మురికి మీదే అనుమానం వస్తుంది కాబట్టి ఇయర్ బడ్‌ను శానిటైజర్‌లో ముంచి, కనిపించిన గాజునల్లా రుద్దుతాడు. ఆ తర్వాత వెలుగు ఇంకా మందగించినా, అసలే ఆగిపోయినా, డయోడ్ ఆయువు తీరిందని సరిపెట్టుకుంటాడు. రుద్దిన సంగతి మీద మాత్రం అనుమానం రాదు.

అనుమానించవలసింది ముందుగా దాన్నే. మురికి చేసే హాని నెమ్మదిగా పేరుకుంటుంది, చాలాసార్లు దిద్దుకోవడానికి వీలుంటుంది. చేతిలోని స్థిర విద్యుత్తు, తప్పు క్రమంలో పెట్టిన కనెక్టర్, చిప్ ముఖానికి తగిలిన ఒక్క దూదిపోగు చేసే హాని మాత్రం కంటికి కనబడకుండా, రెప్పపాటులో వెయ్యో వంతు కూడా పట్టకుండా, దిద్దుకోవడానికి వీల్లేకుండా జరిగిపోతుంది. కాబట్టి డయోడ్‌ను ఎలా శుభ్రం చేయాలన్న ప్రశ్నకు ముందు, అది ఎక్కడ, ఏ కారణంగా దెబ్బతింటుందో తెలుసుకోవాలి.

వెలుగు బయటికి వచ్చే సందు

మొదటి సెమీకండక్టర్ లేజర్లలో ఒకటి 1962లో అమెరికాలోని షెనెక్టడీలో, జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో రాబర్ట్ హాల్ బృందం చేతుల్లో వెలిగింది. దాన్ని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి, క్షణకాలపు కరెంటు పల్సులు ఇస్తే తప్ప పనిచేసేది కాదు. గది ఉష్ణోగ్రత దగ్గర ఆగకుండా వెలిగే డయోడ్‌లు 1970లో వచ్చాయి. లెనిన్‌గ్రాడ్‌లో జోరెస్ అల్ఫెరోవ్ బృందం, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఇజువో హయాషి, మోర్టన్ పానిష్ దాదాపు ఒకే కాలంలో ఈ పని సాధించారు. వేర్వేరు సెమీకండక్టర్ పదార్థాలను పొరలు పొరలుగా పేర్చి, ఎలక్ట్రాన్లనూ వెలుగునూ మధ్యనున్న ఒక సన్నని పొరలోనే బంధించడం వారి కిటుకు. తక్కువ కరెంటుతో లేజర్ వెలగడానికి కారణం ఆ బంధనమే. ఆ వెలుగంతా ఒక్క సన్నని సందులోంచి బయటికి రావలసి రావడానికి కారణమూ అదే. నేటి డయోడ్ బలమూ బలహీనతా రెండూ అక్కడి నుంచే మొదలవుతాయి.

డయోడ్ లోహపు డబ్బా లోపలి చిప్ ఆవగింజ కంటే చిన్నది. దాని రెండు చివరలా ఉండే నునుపైన ముఖాలను ఫేసెట్‌లు అంటారు. స్ఫటికాన్ని దాని సహజమైన తలం వెంట విరిస్తే వచ్చే ఆ అంచులే లేజర్‌కు అద్దాలు. గాలియం ఆర్సెనైడ్ వక్రీభవన గుణకం సుమారు 3.5 కాబట్టి, ఏ పూతా లేకుండానే ఆ ముఖం తన మీద పడిన వెలుగులో దాదాపు 30 శాతాన్ని వెనక్కి పంపుతుంది. దాని మీద మైక్రాన్ కంటే పలుచని పూతలు వేసి, వెనుక ముఖాన్ని ఎక్కువగా ప్రతిబింబించేలా, ముందు ముఖాన్ని వెలుగు సులువుగా వదిలేలా తయారుచేస్తారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో చవకగా దొరికే 5 మిల్లీవాట్ల ఎర్ర డయోడ్‌లో వెలుగు బయటికి వచ్చే చోటు ఒక మైక్రాన్ ఎత్తు, మూడు మైక్రాన్ల వెడల్పు ఉందనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1,60,000 వాట్ల తీవ్రత. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు సెంటీమీటరుకు 0.1 వాట్ దగ్గర ఉంటుంది. చేతిలో పట్టుకుంటే వెచ్చదనం కూడా తెలియని ఆ బుల్లి డయోడ్ ముఖం ఎండకు 16 లక్షల రెట్ల తీవ్రతను ప్రతి క్షణమూ భరిస్తోందన్నమాట. ఇక ఎన్‌గ్రేవింగ్‌కు వాడే, వాట్లలో కొలిచే డయోడ్‌ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ తీవ్రత దగ్గర ముఖం మీద ఏ చిన్న లోపమున్నా పరిస్థితి అదుపు తప్పుతుంది. స్ఫటికం ఆగిపోయే ఆ ఉపరితలం దగ్గర అణువుల బంధాలు కొన్ని తెగి ఉంటాయి కాబట్టి అక్కడ కొద్దిపాటి వెలుగు వేడిగా మారుతుంది. వేడెక్కిన సెమీకండక్టర్‌లో శక్తి అంతరం, అంటే వెలుగును పీల్చుకోవడానికి కనీసం కావలసిన శక్తి, తగ్గుతుంది. అంతరం తగ్గితే అది తన వెలుగునే ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది. పీల్చుకున్న కొద్దీ మరింత వేడెక్కుతుంది. ఒక హద్దు దాటాక ఈ చక్రం తనంతట తాను పరుగెత్తి ముఖాన్ని కరిగించేస్తుంది. దీన్నే కెటాస్ట్రఫిక్ ఆప్టికల్ డ్యామేజ్ అంటారు. పూతలో పడిన గీత, అంటుకున్న నూనెచుక్క, అవసరానికి మించి వచ్చిన కరెంటు అన్నీ ఆ హద్దును దగ్గరకు తెచ్చేవే.

మరో విషయం ఉంది. ఫిలమెంటు బల్బుకు కాస్త ఎక్కువ కరెంటు క్షణకాలం తగిలితే ఫిలమెంటు వేడెక్కేలోపే ఆ క్షణం గడిచిపోతుంది. లేజర్ డయోడ్‌లో అలాంటి జాప్యం లేదు, నానోసెకనులో వచ్చిన కరెంటు నానోసెకనులోనే వెలుగవుతుంది. పైన చెప్పిన ఎర్ర డయోడ్ సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర లేజర్‌గా మారడం మొదలుపెట్టి, 40 దగ్గర తన పూర్తి 5 మిల్లీవాట్లు ఇస్తుంది. మొదటి 30 మిల్లీ ఆంపియర్లకు దాదాపు ఏమీ రాదు, తర్వాతి పదికి మొత్తం వస్తుంది. కాబట్టి 50 దగ్గరకు పోతే కరెంటు పావు వంతు పెరిగినట్టు కనిపిస్తుంది కానీ వెలుగు రెట్టింపవుతుంది. ఎల్ఈడీతో అలవాటైన చేతికి ఈ తేడా తెలియదు.

చేతిలోని మూడు వేల వోల్టులు

మనిషికి స్థిర విద్యుత్తు చురుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. అంతకు తక్కువైతే మనకు తెలియకుండానే ఒంట్లోంచి దూకిపోతుంది. డయోడ్‌ను చంపడానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు.

ఎలక్ట్రానిక్ భాగాలు స్థిర విద్యుత్తును ఎంత తట్టుకుంటాయో పరీక్షించే ప్రమాణంలో మనిషి శరీరాన్ని 100 పీకోఫారాడ్‌ల కెపాసిటర్‌గా, 1,500 ఓముల నిరోధంగా లెక్కిస్తారు. 3,000 వోల్టులను 1,500 ఓములతో భాగిస్తే 2 ఆంపియర్లు వస్తాయి. అది సుమారు 150 నానోసెకన్లలో, అంటే సెకనులో కోటో వంతుకు కాస్త పైన, చల్లారిపోతుంది. అందులోని శక్తి అర మిల్లీజౌల్ కూడా ఉండదు. అయితే 40 మిల్లీ ఆంపియర్లకు తయారైన డయోడ్‌కు 2 ఆంపియర్లంటే 50 రెట్లు. ముందు దిశలో వస్తే ఫేసెట్ కరుగుతుంది. వెనుక దిశలో వస్తే వెలుగు పుట్టే జంక్షనే చిల్లు పడుతుంది. చాలా ఎర్ర డయోడ్‌లకు వెనుక దిశలో అనుమతించే వోల్టేజి రెండే వోల్టులన్నది గుర్తుంచుకుంటే, రెండు పెన్‌టార్చి బ్యాటరీలను తిరగేసి పెట్టినా ప్రమాదమేనని తెలుస్తుంది.

ఈ దెబ్బలో మోసకారితనం ఏమిటంటే, డయోడ్ వెంటనే చావకపోవచ్చు. ముఖం మీద చిన్న మచ్చ పడి, లేజర్ మొదలయ్యే కరెంటు కాస్త పెరిగి, వెలుగు ఇంచుమించు మామూలుగానే వస్తూ ఉంటుంది. కొన్ని వారాల తర్వాత ఆ మచ్చే పెద్దదై డయోడ్ పోతుంది. అప్పటికి ఫలానా రోజున ఒట్టి చేత్తో పట్టుకున్న సంగతి ఎవరికీ గుర్తుండదు. "నేను ఎప్పుడూ ఒట్టి చేత్తోనే పట్టుకుంటాను, ఒక్కటీ పోలేదు" అనేవారి అనుభవాన్ని అందుకే సాక్ష్యంగా తీసుకోలేం.

వేసవి మధ్యాహ్నాల్లో తెలంగాణ పీఠభూమి మీద గాలి పొడిబారినప్పుడు పాలియెస్టర్ చొక్కా, ప్లాస్టిక్ కుర్చీ, రబ్బరు చెప్పులు ఉంటే చాలు, కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ ఒంట్లో వేల వోల్టులు పోగవుతాయి. కోస్తాలో తేమ ఎక్కువ కాబట్టి ఈ బెడద తగ్గుతుంది కానీ పోదు. పార్సిల్ మీది సెల్లోటేపును సర్రున లాగితే ఏ ఊళ్లోనైనా వేల వోల్టులు పుడతాయి. డయోడ్ వచ్చిన కవరును విప్పేటప్పుడే చాలామంది చేసేది ఆ పనే.

మందు అందరికీ తెలిసిందే: మణికట్టుకు కట్టుకునే రిస్ట్ స్ట్రాప్, బల్ల మీద యాంటీ స్టాటిక్ మ్యాట్, రెండూ ఎర్త్‌కు. స్ట్రాప్ తీగలో ఒక మెగాఓమ్ రెసిస్టర్ ఉండి తీరాలి, పొరపాటున 230 వోల్టులు తగిలినా మనిషి గుండా పోయే కరెంటును పావు మిల్లీ ఆంపియర్ లోపే ఆపేది అదే. తీగ లేకుండా పనిచేస్తుందని అమ్మే స్ట్రాప్‌లు మాత్రం అలంకారానికే పనికొస్తాయి. విద్యుత్తు పోవడానికి దారి లేనప్పుడు అది ఎక్కడికి పోతుంది?

మన ఇళ్లలో అసలు చిక్కు ఎర్త్ దగ్గరే. గోడ సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనుక తీగ ఉన్నట్టు కాదు, తీగ ఉన్నంత మాత్రాన అది భూమిలోకి దిగినట్టూ కాదు. లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టినప్పుడు సన్నగా జివ్వుమనడం చాలామందికి అనుభవమే. అడాప్టర్ లోపల కరెంటు వైపుకూ బయటి వైపుకూ మధ్య ఉండే ఒక చిన్న కెపాసిటర్ గుండా వచ్చే లీకేజీ అది. ఎర్త్ లేని అడాప్టర్ బయటి తీగ సుమారు సగం మెయిన్స్ వోల్టేజి దగ్గర తేలుతూ ఉంటుంది. అలాంటి అడాప్టర్‌తో నడిచే డ్రైవర్‌ను, అంటే డయోడ్‌కు కరెంటు ఇచ్చే సర్క్యూట్‌ను, బాగా ఎర్త్ అయిన చేత్తో పట్టుకున్న డయోడ్‌కు తగిలిస్తే, ఆ తేడా అంతా డయోడ్ గుండానే సర్దుకుంటుంది. స్ట్రాప్ కట్టుకుని కూడా డయోడ్‌ను పోగొట్టుకునేది ఇలాగే. ఇక్కడ గ్రహించవలసింది ఒక్కటే: భూమిని తాకడం కంటే మనిషి, మ్యాట్, డ్రైవర్, సోల్డరింగ్ ఐరన్ మొన, డయోడ్ అన్నీ ఒకే వోల్టేజిలో ఉండటం ముఖ్యం. సాకెట్ ఎర్త్ మీద నమ్మకం లేకపోతే, అన్నిటినీ గోడ నుంచి ఊడదీసి, మ్యాట్ దగ్గర ఒకే బిందువుకు కలిపి పని చేయడం మేలు. న్యూట్రల్ తీగను ఎర్త్‌గా వాడే ఆలోచన మాత్రం ఎన్నడూ రానీయకూడదు, అక్కడ పోయేది డయోడ్ కాదు, మనిషి. మెయిన్స్ కరెంటు ఉన్న సర్క్యూట్ మీద పనిచేసేటప్పుడు స్ట్రాప్ కట్టుకోకపోవడమూ ఇదే జాగ్రత్తలోకి వస్తుంది.

చవక టూ పిన్ సోల్డరింగ్ ఐరన్‌కూ ఇదే లీకేజీ ఉంటుంది. దానితో తప్పనిసరి అయితే, బాగా వేడెక్కాక ప్లగ్గు ఊడదీసి, మిగిలిన వేడితో అతికించడం పాత మెకానిక్‌ల పద్ధతి. తయారీదారుల డేటాషీట్లు సాధారణంగా 260 డిగ్రీల దగ్గర కొన్ని సెకన్లకు మించి డయోడ్ కాలును (డబ్బా నుంచి బయటికి వచ్చే లోహపు పిన్నును) వేడి చేయవద్దంటాయి కాబట్టి ఆ మిగిలిన వేడి సరిపోతుంది కూడా.

కరెంటు ఇచ్చే క్రమం

తుడవడానికి మాడ్యూల్‌ను, అంటే డయోడ్, లెన్స్ కలిసి ఉండే భాగాన్ని, విప్పిన తర్వాత తిరిగి బిగించేటప్పుడు జరిగే చావులు స్థిర విద్యుత్తు చావులకు ఏమాత్రం తీసిపోవు. లేజర్ డయోడ్‌కు స్థిరమైన వోల్టేజి ఇవ్వరు, స్థిరమైన కరెంటు ఇస్తారు. ఆ పని చేసే డ్రైవర్‌కు డయోడ్ తగిలించకుండా కరెంటు ఇస్తే ఏమవుతుంది? ఇవ్వవలసిన కరెంటు పోవడానికి దారి లేదు కాబట్టి అది తన అవుట్‌పుట్ వోల్టేజిని పెంచుకుంటూ గరిష్ఠానికి పోతుంది. అవుట్‌పుట్‌లోని కెపాసిటర్ ఆ వోల్టేజికి నిండుతుంది. ఇప్పుడు డయోడ్ తగిలిస్తే, డ్రైవర్ తేరుకుని కరెంటును అదుపు చేసేలోపే కెపాసిటర్‌లోని ఛార్జి అంతా డయోడ్‌లో కుమ్మరించబడుతుంది. స్విచ్ కట్టేసినా ఆ కెపాసిటర్ కాసేపు నిండే ఉంటుంది. అందుకే డ్రైవర్ అవుట్‌పుట్‌ను ఒక రెసిస్టర్‌తో కలిపి ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూసి, ఆపై డయోడ్‌ను అతికించి, అన్నీ గట్టిగా ఉన్నాయని చూసుకున్నాకే కరెంటు ఇవ్వాలి. వదులుగా ఉన్న కనెక్టర్ కూడా ఇదే పని మళ్లీ మళ్లీ చేస్తుంది: ఊడినప్పుడల్లా వోల్టేజి పెరుగుతుంది, తగిలినప్పుడల్లా డయోడ్ మీద కుమ్మరిస్తుంది.

చిన్న డయోడ్‌లలో వెనుక ముఖం నుంచి వచ్చే వెలుగును కొలవడానికి ఒక ఫోటోడయోడ్ కూడా డబ్బాలోనే ఉంటుంది. వెలుగు తగ్గితే కరెంటు పెంచమని అది డ్రైవర్‌కు చెబుతుంది. ఆ మూడో కాలు అతుకు ఊడితే డ్రైవర్‌కు వెలుగే లేనట్టు తోస్తుంది, కరెంటును పెంచుతూనే పోతుంది. ఫలితం ఊహించవచ్చు. పాత సీడీ ప్లేయర్లలో డిస్క్‌ను లేజర్‌తో చదివే పికప్ పక్కన ఉండే చిన్న స్క్రూను తిప్పితే ప్లేయర్ మళ్లీ పాడుతుందన్న చిట్కా కూడా ఈ కోవలోదే. అది లేజర్ కరెంటును పెంచే ప్రీసెట్; కొన్నాళ్లు పాడించి డయోడ్‌ను పూర్తిగా ముగిస్తుంది. కొత్త పికప్‌లు కొన్నిటిలో డయోడ్ కాళ్లను ఒక చిన్న సోల్డర్ బొట్టుతో కలిపి పంపుతారు. దారిలో స్థిర విద్యుత్తు తగలకుండా ఆ ఏర్పాటు. పికప్‌ను ప్లేయర్‌కు తగిలించాక ఆ బొట్టును తీయాలి, ముందు కాదు. బయట దాచే విడి డయోడ్‌ల కాళ్లను నల్ల కండక్టివ్ ఫోమ్‌లో గుచ్చి ఉంచడం వెనుక ఉన్నదీ ఇదే తర్కం.

పట్టుకునే తీరు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 5.6 మిల్లీమీటర్ల, 9 మిల్లీమీటర్ల గుండ్రటి డబ్బాలను వెడల్పుగా ఉండే అడుగు అంచు దగ్గరే పట్టుకోవాలి, వేడిని లాగే లోహపు హీట్‌సింక్‌లోకి దించేటప్పుడు ఆ అంచు మీదే నొక్కాలి. పైనున్న టోపీ మీద నొక్కితే కిటికీ గాజు అతుకు చీలుతుంది. కాళ్లను మొదట్లోకంటా వంచితే వాటి చుట్టూ ఉన్న గాజు సీలు పగులుతుంది. రెండు సందర్భాల్లోనూ గాలి, తేమ లోపలికి పోతాయి, బయటికి ఏమీ తెలియదు.

అసలు తుడవవలసింది ఏది

మాడ్యూల్‌ను ముందు నుంచి చూస్తే మొదట కనబడేది డయోడ్ కాదు. ముందు ఒక రక్షణ గాజు ఉండవచ్చు, దాని వెనుక కిరణాన్ని సమాంతరంగా చేసే లెన్స్, ఆ వెనుక డయోడ్ డబ్బా కిటికీ, ఆ లోపల, సీలు చేసిన గదిలో, చిప్. చెక్క కాలినప్పుడు లేచే పొగలోని తారు పేరుకునేది మొదటి గాజు మీద, లేదా లెన్స్ బయటి ముఖం మీద. సీలు సవ్యంగా ఉన్నంతకాలం చిప్‌కు ఆ మురికి చేరే మార్గమే లేదు. నూటికి తొంభై సార్లు అని అంకె చెప్పలేను కానీ, ఎన్‌గ్రేవర్ల విషయంలో "డయోడ్ మురికిపట్టింది" అన్న మాటకు అర్థం దాదాపు ఎప్పుడూ లెన్స్ మురికిపట్టిందనే. కాబట్టి తుడవవలసింది చాలావరకు బయటి గాజునే. లెన్స్‌ను మరతిప్పి ఊడదీయడం ఆఖరి మాట. లెన్స్ ఊడిందంటే ఫోకస్ పోతుంది, డబ్బా కిటికీ గదిలోని దుమ్ముకు తెరుచుకుంటుంది.

తుడవడానికి ముందు ప్లగ్గు ఊడదీయాలి. స్విచ్ కట్టేయడం చాలదు. సాఫ్ట్‌వేర్‌లో ఆపడం అసలే చాలదు. అర వాట్‌కు మించిన లేజర్లన్నీ అత్యంత ప్రమాదకరమైన నాలుగో తరగతికి చెందినవి. వాటి కిరణం వస్తువుల మీద పడి చెదిరినది కూడా కంటిని దెబ్బతీయగలదు. 808 నానోమీటర్లకు పైన పరారుణ కాంతినిచ్చే వాటిలో అయితే కంటికి వెలుగు తెలియకుండానే దెబ్బ పడుతుంది. లెన్స్‌లోకి తొంగిచూసే పని ఏదైనా ప్లగ్గు చేతిలో ఉండగానే జరగాలి. తర్వాత మాడ్యూల్ చల్లారనివ్వాలి, వేడి గాజు మీద చల్లటి ద్రవం పడితే పూత చిట్లవచ్చు, పైగా ద్రవం తుడిచేలోపే ఎండి మరకలు మిగులుతాయి.

ముందు గాలి. రబ్బరు బుడ్డి బ్లోయర్‌తో, గాజు కిందికి చూసేలా పట్టుకుని ఊదాలి, అప్పుడు లేచిన దుమ్ము మళ్లీ దాని మీదే పడదు. నోటితో ఊదితే గాలితో పాటు ఉమ్మి తుంపరలు కూడా వెళ్తాయి, ఉమ్మిలోని లవణాలు దుమ్ము కంటే మొండివి. డబ్బాల్లో వచ్చే కంప్రెస్డ్ గాలిని వంచి కొడితే లోపలి ద్రవమే బయటికి చిమ్ముతుంది. ఊదిన తర్వాత టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేసి చూస్తే మిగిలినవి మెరుస్తాయి: దుమ్ము చుక్కలుగా, వేలిముద్ర చారలుగా, తారు గోధుమరంగు పొరగా. ఏమీ మెరవకపోతే అక్కడితో ఆపాలి. శుభ్రంగా ఉన్న గాజును తుడవడం వల్ల కలిగేది గీతలే.

పొర ఉంటేనే ద్రవం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. 70 శాతానిది అయితే మిగతా 30 శాతం నీరు నెమ్మదిగా ఎండుతూ మచ్చలు వదులుతుంది. శానిటైజర్ అసలే పనికిరాదు: ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన దానిలో చర్మం పొడిబారకుండా 1.45 శాతం గ్లిజరిన్ ఉంటుంది. ఆల్కహాల్ ఎగిరిపోయాక ఆ జిగట పొర లెన్స్ మీదే మిగిలి, కిరణం తగిలినప్పుడు కాలి నల్లబడుతుంది. మందుల షాపుల్లో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో కొన్ని రకాలకు ఆముదం వంటివి కలుస్తాయి, అదీ ఇంతే. అసిటోన్ గాజుకు మంచిదే కానీ సీడీ పికప్‌లలో, చవక మాడ్యూళ్లలో లెన్స్ ప్లాస్టిక్‌ది కావచ్చు. ప్లాస్టిక్ లెన్స్‌కు అసిటోన్ తగిలితే క్షణంలో తెల్లబారుతుంది, దానికి తిరుగు లేదు.

లెన్స్ మీద చుక్క వేయకూడదు. వేస్తే ద్రవం అంచు సందులోకి పాకి, అక్కడి గ్రీజును, మురికిని కరిగించుకుని లోపలి ముఖం మీద ఎండుతుంది. లెన్స్ టిష్యూను తడిపి, కారిపోకుండా విదిల్చి, ఒక వైపు నుంచి మరో వైపుకు ఒక్కసారి, బరువు పెట్టకుండా లాగాలి. లాగిన ముక్కను పారేసి, అవసరమైతే కొత్త దానితో మళ్లీ లాగాలి. గుండ్రంగా రుద్దితే ఒకచోట తీసిన రేణువును మిగతా చోట్లంతా ఈడ్చినట్టే. పొడి టిష్యూతో రుద్దడం ఇంకా చెడ్డది: గీతలు పడటమే కాక, రాపిడికి స్థిర విద్యుత్తు పుట్టి గాలిలోని దుమ్మును గాజు మీదికే లాక్కుంటుంది. మామూలు ఇయర్ బడ్‌ల పుల్లల్లో, దూదిని అంటించే జిగురులో ద్రావకానికి కరిగేవి ఉంటాయి కాబట్టి శుభ్రమైన దూదితో, చెక్క పుల్లతో చేసిన స్వాబ్‌లు నయం. అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో మాత్రం డయోడ్ డబ్బాను ఎన్నడూ ముంచకూడదు. చిప్‌కు కరెంటు తెచ్చే బంగారు తీగలు సుమారు 25 మైక్రాన్ల మందానివి, ఆ కంపనానికి తెగిపోతాయి.

టోపీ లేని డయోడ్‌ల కథ వేరు. కొన్ని అధిక శక్తి డయోడ్‌లలో చిప్‌ను ఒక లోహపు దిమ్మె అంచున బయటికి కనబడేలా అతికించి అమ్ముతారు. సీ మౌంట్ అనే రకం అలాంటిదే. అక్కడ ఫేసెట్‌కూ గదిలోని గాలికీ మధ్య ఏమీ లేదు. వడగట్టిన పొడి నైట్రోజన్‌ను మెల్లగా, దూరం నుంచి వదలడానికి మించి దానికి ఏ సేవా చేయలేం. స్వాబ్ తాకితే పూత పోతుంది, తీగ తెగుతుంది, లేదా రెండూ జరుగుతాయి. వీటిని చల్లబరిచేవారు తేమ సంగతి కూడా చూసుకోవాలి. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉష్ణోగ్రతను మంచుబిందువు (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కిందికి దించితే ఫేసెట్ మీదే నీరు కడుతుంది.

కనబడని మురికి

కంటికి కనబడే తారు కంటే కనబడని ఆవిరి ప్రమాదకరం. నీలి, ఊదా డయోడ్‌ల ఫోటాన్లకు శక్తి ఎక్కువ కాబట్టి గాలిలో తేలే కర్బన, సిలికాన్ సమ్మేళనాలను కిరణం ఉన్న చోటే విడగొట్టి, సరిగ్గా వెలుగు బయటికి వచ్చే బిందువు మీదే పేరుస్తాయి. సిలికాన్ సీలెంట్, సిలికాన్ గ్రీజు, ఫెవిక్విక్ వంటి సైనోఅక్రిలేట్ జిగుర్ల ఆవిర్లు ఇందులో ముఖ్యమైన దోషులు. వదులైన లెన్స్‌ను ఒక్క చుక్క ఫెవిక్విక్‌తో కదలకుండా చేద్దామనుకోవడం సహజమే కానీ, ఆ చుక్క ఆరుతూ వదిలే ఆవిరి లెన్స్ లోపలి ముఖం మీదా, కిటికీ మీదా తెల్లటి పొరగా దిగుతుంది. టెలికాం రంగంలో ఫైబర్ ఆంప్లిఫయర్లకు శక్తినివ్వడానికి వాడే 980 నానోమీటర్ల పంప్ లేజర్లలో ఇదే సంగతి ఒకప్పుడు పెద్ద తలనొప్పి అయింది. గాలి చొరబడని ప్యాకేజీలో, పొడి నైట్రోజన్ మధ్య ఉన్న చిప్‌ల ముఖాల మీద కూడా కర్బనం పేరుకుని అవి పోయేవి. లోపలి వాయువులో కావాలనే కొంత ఆక్సిజన్ కలిపితే పేరుకున్న కర్బనం ఎప్పటికప్పుడు కాలిపోతుందని తెలిశాకే ఆ బెడద తగ్గింది.

ఫైబర్ ఇంటర్నెట్ పనిచేసేవారికి ఎదురయ్యేది ఈ సమస్యకు దగ్గరి చుట్టమే. అక్కడ లేజర్ పరికరం లోపల భద్రంగా ఉంటుంది; మురికి పట్టేది కనెక్టర్ కొసకు. ఫైబర్ మధ్యన వెలుగు నడిచే భాగం సుమారు 9 మైక్రాన్లే కాబట్టి కంటికి ఆనని రేణువు కూడా దారిని మూసేస్తుంది. క్లిక్ క్లీనర్‌తో తుడిచి, మైక్రోస్కోప్‌లో చూసి, ఆపై కలపాలన్నది నియమం. చూసేది లైన్‌లో వెలుగు లేదని పవర్ మీటర్‌తో నిర్ధారించుకున్నాకే, ఎందుకంటే 1,310, 1,490 నానోమీటర్ల కాంతి కంటికి కనబడదు.

మురికా, ముసలితనమా

చివరికి తేలవలసిన ప్రశ్న: వెలుగు తగ్గడానికి కారణం గాజు మీది మురికా, డయోడ్ దెబ్బతినడమా? విప్పకుండానే దీన్ని చాలావరకు తేల్చవచ్చు. మురికి బయట ఉంటుంది కాబట్టి లేజర్ మొదలయ్యే కరెంటును అది మార్చదు. వచ్చిన వెలుగులో కొంత భాగాన్ని పీల్చుకుంటుంది లేదా చెదరగొడుతుంది అంతే. మచ్చ చుట్టూ మసక వలయం, ఒక వైపుకు తోకలాంటి చార కనబడితే లెన్స్‌ను అనుమానించవచ్చు. డయోడ్ ముసలిదైనా, దెబ్బతిన్నా మొదట కదిలేది ఆ మొదలయ్యే కరెంటు. ఒకప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర లేజర్‌గా మారినది ఇప్పుడు 45 దగ్గర మారుతుంటే ఏ ఆల్కహాలూ దాన్ని వెనక్కి తేలేదు.

చిన్న, కంటికి కనబడే రంగు డయోడ్‌లలో పరికరాలు లేకుండా చూడగలిగిన గుర్తు ఒకటుంది. కిరణాన్ని తెల్ల గోడ మీద వేస్తే, బతికున్న లేజర్ మచ్చలో ఇసుక చల్లినట్టు మినుకుమినుకుమనే రేణువుల నమూనా కనిపిస్తుంది; తల కదిలిస్తే అది కూడా కదులుతుంది. ఫేసెట్ పోయిన డయోడ్‌కూ వెలుగు వస్తుంది, రంగూ అదే ఉంటుంది, కానీ ఆ రేణువులు ఉండవు, మచ్చ నున్నగా, మందంగా ఉంటుంది. అది లేజర్ కావడం మానేసి ఉత్త ఎల్ఈడీగా మిగిలిపోయింది. అయితే నాలుగో తరగతి డయోడ్‌తో ఈ పరీక్ష చేయకూడదు, దాని మచ్చను చూడటమే ప్రమాదం. అక్కడ తగిన రక్షణ కళ్లద్దాలు, పవర్ మీటర్ కావాలి.

మీటరు లేని దుకాణంలో కూడా ఒక పని చేయవచ్చు. యంత్రం కొత్తగా వచ్చిన రోజునే ఒకే మందం ప్లైవుడ్ ముక్క మీద పది శాతం నుంచి వంద శాతం దాకా పవర్ మార్చుతూ, ఒకే వేగంతో గీతలు గీయించి, తేదీ వేసి దాచుకోవాలి. తర్వాత గీత పలచబడిందనిపించినప్పుడు అదే పరీక్షను అలాంటి ముక్క మీద మళ్లీ చేసి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, అన్ని గీతలూ ఒకే పాళ్లలో పలచబడ్డాయా, లేక తక్కువ పవర్ గీతలు పూర్తిగా మాయమై ఎక్కువ పవర్‌వి మాత్రమే మిగిలాయా అన్నది తెలుస్తుంది. కరెంటును పెంచి తగ్గించే డ్రైవర్ ఉన్న మాడ్యూళ్లలో మొదటిది మురికివైపు, రెండోది మొదలయ్యే కరెంటు పెరుగుదలవైపు మొగ్గు చూపుతుంది. కరెంటును వేగంగా ఆపి వెలిగించి పవర్ మార్చే వాటిలో ఈ తేడా అంత స్పష్టంగా తెలియదు. మొదటి రకం ఫలితం వస్తే బ్లోయర్ అందుకోవచ్చు. రెండో రకమైతే మాడ్యూల్‌ను విప్పే పని పెట్టుకోకుండా కొత్త డయోడ్ ధర కనుక్కోవడమే మంచిది.